ఇల్లు అమ్మి దేశాలు తిరగాలనుకున్న దంపతులు: ఒక ఆడిటర్ కేసు నోట్సు

2024 ఫిబ్రవరిలో ఒక శనివారం, ఆఫీసు మూసే వేళకు ఇద్దరూ వచ్చారు. ఆయనకు 66, ఆవిడకు 61. ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు, పింఛను నెలకు 52 వేలు. విజయవాడలో 200 గజాల్లో ఇండిపెండెంట్ ఇల్లు, ఇద్దరి పేరునా సగం సగం. స్థలం 1996లో కొన్నారు, రెండేళ్ళ తర్వాత ఇల్లు కట్టారు, 2010లో పైన వాటా వేశారు. కొడుకు అమెరికాలో, కూతురు యూరప్‌లో. (వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను, అంకెలు కాస్త గుండ్రం చేశాను.)

"మూడేళ్ళు తిరగాలనుకుంటున్నాం ఆడిటర్ గారూ. ఇల్లు అమ్మేస్తే పన్ను ఎంత పడుతుంది?" అన్నారాయన.

ఆవిడ ఇంకో మాట కలిపారు. "ఈయన రిటైరయ్యేదాకా అన్నవరం, తిరుపతి దాటి ఎటూ పోలేదు బాబూ. మోకాళ్ళు ఆడుతుండగానే చూడాలి."

నేను ఆయన ప్రశ్న పట్టుకున్నాను. ఆవిడ మాటను పక్కన పెట్టి కాలిక్యులేటర్ తీశాను. ఈ కేసులో నేను చేసిన మొదటి పొరపాటు అదే. ఇరవై ఏళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నా, ఎవరైనా పన్ను అనగానే చేయి అటే పోతుంది.

ముందు అద్దెకిచ్చి చూడమన్నాను

ఆ రోజు ఇచ్చిన సలహా మాత్రం చెడ్డది కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. ఇల్లు అమ్మాక వెనక్కి తీసుకోలేం. తిరగడం వాళ్ళ ఒంటికి, మనసుకు పడుతుందో లేదో ఒక్కసారైనా చూసుకోకుండా, వెనక్కి తీసుకోలేని పని చేయడమేమిటి? అందుకని కింద ఒక గదిలో సామాను పెట్టి తాళం వేసి, మిగతా ఇల్లు పదకొండు నెలల అగ్రిమెంటు మీద అద్దెకిచ్చి వెళ్ళమన్నాను. రెండు వాటాలకూ కలిపి నెలకు 26 వేలు వచ్చేది. కోటీ 80 లక్షల ఇంటికి ఏడాదికి 3.12 లక్షలంటే రెండు శాతం కూడా కాదు. నాకు అప్పుడు అద్దె ముఖ్యం కాదు, ఒక ట్రయల్ కావాలి.

ఏప్రిల్ 10న అమెరికా వెళ్ళారు. పదేళ్ళ విజిటర్ వీసా ముందే ఉంది, దిగినప్పుడు మామూలుగా ఇచ్చినట్టే ఆరు నెలల గడువిచ్చారు. అక్కడ ఉన్నది దాదాపు 150 రోజులు.

ఆ అయిదు నెలల్లో మూడు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, కొడుకింట్లో రెండు నెలలు దాటేసరికి ఇద్దరికీ విసుగొచ్చింది. కొడుకు సెలవు పెట్టి తిప్పిన పది రోజుల గురించి మాత్రం ఆవిడ ఇప్పటికీ చెబుతారు. అంటే వాళ్ళకు కావలసింది పిల్లల దగ్గర మకాం కాదు, ప్రయాణం. రెండోది, జూలై 23 బడ్జెట్. ఆ రోజు నుంచి అమ్మిన స్థిరాస్తి మీద దీర్ఘకాలిక లాభానికి ఇండెక్సేషన్ (పెరిగిన ధరల సూచీ ప్రకారం కొన్న ధరను పెంచి లెక్కేసుకునే వీలు) తీసేసి పన్ను రేటు 12.5 శాతం చేశారు. ఆయన అక్కడి అర్ధరాత్రి ఫోన్ చేసి, "మనం మునిగామా?" అన్నారు. ఆగస్టులో సవరణ వచ్చింది: ఆ తేదీకి ముందు కొన్న ఆస్తి అయితే, దేశంలో నివాసిగా ఉన్న వ్యక్తికి పాత పద్ధతిలో 20 శాతం, కొత్త పద్ధతిలో 12.5 శాతం, రెండిటిలో ఏది తక్కువైతే అంతే కడితే చాలు. 'నివాసి' అన్న మాట కింద అప్పుడే గీత గీసుకున్నాను. ఎందుకో కింద చెబుతాను.

మూడోది సెప్టెంబర్ 1 నాటి బుడమేరు వరద. వాళ్ళ వీధి దాకా నీళ్ళు రాలేదు. అయినా అద్దెకున్నవాళ్ళ ఫోన్లు రెండు రోజులు కలవలేదు. ఇద్దరూ రాత్రంతా టీవీ ముందు కూర్చుని విజయవాడలో నీళ్ళలో మునిగిన సింగ్‌నగర్ దృశ్యాలు చూస్తూ ఉన్నారట. తిరిగొచ్చేసరికి మోటారు కాలిపోయి ఉంది, తాళం వేసిన గదిలో గోడ చెమ్మెక్కింది. ఆవిడ మళ్ళీ మా ఆఫీసుకొచ్చినప్పుడు అన్న మొదటి మాట: "ఇంతింటిని దూరం నుంచి కాయలేం బాబూ."

అమ్మకం అక్కడే ఖాయమైంది.

నా మొదటి ప్లాను

అక్టోబరులో నేను వేసిన ప్లాను కాగితం మీద ముచ్చటగా ఉంది. ఇల్లు అమ్మేయాలి. లాభాన్ని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. ఇల్లమ్మిన లాభంతో మళ్ళీ ఇల్లు కొంటే ఆ మేరకు పన్ను మినహాయించే సెక్షన్ 54 కింద, కొత్త ఇల్లు కొనడానికి రెండేళ్ళు, కట్టుకోవడానికి మూడేళ్ళు గడువుంటుంది కాబట్టి, ఆ లోపు తిరిగి వచ్చి తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. కాదనుకుంటే గడువు తీరాక పన్ను కట్టేయవచ్చు. ఇక్కడ అద్దె, కరెంటు బిల్లు, ఇంటి పన్ను ఏ బాధా లేకుండా తిరగవచ్చు.

ఇక లెక్క. అమ్మకం కోటీ 80 లక్షలు, బ్రోకరు కమీషన్ 1.80 లక్షలు పోగా 178.20 లక్షలు. 2001కి ముందు కొన్న ఆస్తి కాబట్టి కొన్న ధరకు బదులు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, అయితే అది ఆనాటి రిజిస్ట్రేషన్ విలువను దాటకూడదు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి పాత మార్కెట్ వాల్యూ తెప్పిస్తే 14 లక్షలు తేలింది. పై వాటాకు పెట్టిన ఖర్చు 6 లక్షలు. ఇండెక్సేషన్ లేకుండా లాభం 158.20 లక్షలు, దాని మీద 12.5 శాతం అంటే 19.78 లక్షలు. ఇండెక్సేషన్‌తో అయితే 14 లక్షలు 50.82 అవుతుంది (2024-25 సూచీ 363), 6 లక్షలు 13.04 అవుతుంది (2010-11 సూచీ 167). లాభం 114.34 లక్షలు, 20 శాతం అంటే 22.87 లక్షలు. సర్‌చార్జి, సెస్ రెండిటికీ ఉంటాయి కాబట్టి పక్కన పెట్టాను. 12.5 శాతం దారే చౌక అని రాసి, ఫైలు మూసేశాను.

ఆ దారిన పన్ను సున్నా కావాలంటే 158.20 లక్షలూ ఖాతాలో వేయాలి. ఆ డబ్బు ఇంటికి తప్ప ఇంకో పనికి వాడడానికి లేదు. అంటే ఇల్లమ్మి తిరగబోయేవాళ్ళ చేతిలో మిగిలేది 20 లక్షలు! ఇది నాకు అప్పుడే కొట్టొచ్చినట్టు కనబడాలి. కనబడలేదు, ఎందుకంటే నేను పన్ను తగ్గిస్తున్నాను, వాళ్ళ ప్రయాణం గురించి ఆలోచించడం లేదు.

మధ్యలో బేరం గొడవ ఒకటి. మొదట వచ్చిన కొనుగోలుదారు అయిదు లక్షలు ఎక్కువిస్తానన్నాడు, కాని 60 లక్షలు నగదుగా. మా ఊళ్ళో కొత్తేం కాదు. ఆయన కూడా కాస్త ఊగారు. నేను చట్టం కంటే ముందు ఇంకో ప్రశ్న వేశాను: "ఆ నగదుతో ప్యారిస్‌లో హోటల్ గది ఎలా తీసుకుంటారు?" విదేశానికి పంపే ప్రతి డాలరూ బ్యాంకు నుంచే, పాన్ నంబరు మీదే పోవాలి. వీసాకు చూపించాల్సిందీ బ్యాంకు కాగితమే. బీరువాలో ఉన్న 60 లక్షలు ఈ పనికి చిల్లిగవ్వ కూడా కావు. ఆ పైన స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానా పడవచ్చు. మొత్తం చెక్కులిచ్చే రెండో మనిషికే అగ్రిమెంటు రాశారు. అడ్వాన్సు 15 లక్షలు, గడువు మూడు నెలలు.

వీసా దగ్గర తిరగబడింది

నవంబరులో కూతురి దగ్గరికి వెళ్ళడానికి షెంగెన్ వీసాకు (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) పెట్టుకున్నారు. తిరస్కరించారు. గడువులోగా తిరిగి వెళ్తారన్న విషయంలో సహేతుకమైన అనుమానాలున్నాయన్నది కారణం. అచ్చు కాగితంలో ఒక గడికి టిక్కు, అంతే.

ఫైలు తిరగేసి చూశాను. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటులో ఎప్పుడూ పింఛను తప్ప పడని ఖాతాలో ఉన్నట్టుండి 15 లక్షలు పడి ఉన్నాయి. ఎక్కడివో ఒక్క ముక్క రాయలేదు. చూసేవాళ్ళకు అది వీసా కోసం అరువు తెచ్చి పెట్టిన డబ్బులా కనిపించి ఉండవచ్చు. సరే, మళ్ళీ పెట్టేటప్పుడు ఇంటి అమ్మకం అగ్రిమెంటు జతచేయండి, డబ్బు ఎక్కడిదో తెలుస్తుంది అన్నాను.

వీసా పనులు చూసే నా మిత్రుడొకడికి ఆ మాట చెబితే నవ్వాడు. "ఉన్న ఇల్లు అమ్మేశాం, తిరిగి రావడానికి ఇల్లు లేదు అని నువ్వే రాసిస్తున్నావా?"

అక్కడ ఆగిపోయాను. ఇల్లు నా లెక్కలో ఆస్తి. వీసా అధికారి లెక్కలో అది ఈ మనుషులు వెనక్కి వస్తారనడానికి సాక్ష్యం. పిల్లలిద్దరూ విదేశాల్లో, ఉద్యోగం లేదు, ఇల్లు లేదు. అలాంటి దరఖాస్తు నా బల్ల మీదికొస్తే నేనూ అనుమానించేవాణ్ణి. పైగా మూడేళ్ళు ఏకధాటిగా తిరగడానికి ఏ వీసా ఒప్పుకుంటుంది? షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. బ్రిటన్‌లో విజిటర్‌గా ఒక విడతకు ఆరు నెలలే. అమెరికాలో మామూలుగా ఆరు నెలలు, అది కూడా ఏటా అంతసేపు ఉంటుంటే దిగేచోటే ప్రశ్నలు మొదలవుతాయి. కాబట్టి ఎలా చూసినా మధ్యమధ్య విజయవాడ రావాల్సిందే. వస్తే ఎక్కడ దిగాలి?

ఆ ప్రశ్న ఆవిడ నన్ను అక్టోబరులోనే అడిగారని అప్పుడు గుర్తొచ్చింది. "రెండు పెట్టెలేసుకుని తోడికోడలింటికి పోయి, నెలన్నర ఉంటామని చెప్పమంటారా?" అన్నారు. నేను నవ్వి, సర్వీస్ అపార్టుమెంటు తీసుకోవచ్చమ్మా అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు.

తిరగరాసిన లెక్క

కొత్త ప్లానులో వరస తలకిందులైంది. ముందు చిన్న ఫ్లాటు, తర్వాత ప్రయాణం. ఇల్లు ఎలాగూ అమ్ముతున్నాం, కాని పెద్దది అమ్మి చిన్నది కొంటున్నాం. తేడా డబ్బు తిరగడానికి.

ఇక్కడ మా ఆఫీసులో ఆర్టికల్స్ (సీఏ చదువులో భాగమైన శిక్షణ) చేస్తున్న అమ్మాయి గురించి చెప్పుకోవాలి. ఫ్లాటు విలువ ఫైల్లో ఎక్కిస్తూ, "సార్, ఇప్పుడు 20 శాతం లెక్క మళ్ళీ చూడాలేమో కదా?" అంది. చూశాం. ఫ్లాటు 65 లక్షలు, ఆంధ్రలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, మొత్తం దాదాపు 70 లక్షలు. 12.5 శాతం దారిలో 158.20 నుంచి 70 తీస్తే 88.20 మిగులుతుంది, పన్ను 11.03 లక్షలు. 20 శాతం దారిలో 114.34 నుంచి 70 తీస్తే 44.34, పన్ను 8.87 లక్షలు. ఏమీ కొనకపోతే 12.5 శాతం చౌక, ఫ్లాటు కొనేసరికి 20 శాతం చౌక. మినహాయింపు ముందు తీసేసి, ఆ తర్వాతే రెండు పన్నుల్నీ పోల్చాలి. నేను ముందే పోల్చి ఒకదాన్ని కొట్టేశాను. తర్వాత ఇలాంటి ఫైళ్ళు నాలుగు చూశాను, వాటిలో రెండిట్లో ఇదే పొరపాటు ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మిగిలిన 44.34 లక్షలకు సెక్షన్ 54ఈసీ బాండ్లు (లాభాన్ని వీటిలో పెడితే ఆ మేరకు పన్ను ఉండదు). అమ్మిన ఆరు నెలల్లోగా కొనాలి, మనిషికి 50 లక్షలు పరిమితి, అయిదేళ్ళు కదలవు, వడ్డీ 5.25 శాతం, దాని మీద మళ్ళీ పన్ను. చెరొక 22.20 లక్షలు పెట్టించాను. 8.87 లక్షల పన్ను కట్టేసి, ఆ 44 లక్షలు చేతిలో ఉంచుకోవడం మంచిదా అని కూడా ఆలోచించాం. వాళ్ళ తిరుగుడుకు అంత డబ్బు అక్కర్లేదని లెక్క తేలింది కాబట్టి బాండ్ల వైపు మొగ్గాను. అవసరమై ఉంటే పన్ను కట్టేయమనే చెప్పేవాణ్ణి. పన్ను మిగిలిందని సంబరపడి డబ్బంతా కట్టిపడేసుకుని, తర్వాత అప్పు చేసినవాళ్ళను చూశాను.

అలా పన్ను సున్నా, చేతికి 63.80 లక్షలు. అందులో 30 లక్షలు ఆవిడ పేరు మీద సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో పెట్టాం. 8.2 శాతం చొప్పున మూడు నెలలకు 61,500 వస్తాయి. 24 లక్షలు రెండేళ్ళ ప్రయాణాలకు. మిగతాది ఫ్లాటు సర్దుకోవడానికి, ఆసుపత్రి ఖర్చు వస్తే తీయడానికి.

కట్టుబడిలో ఉన్న ఫ్లాటు అయితే ఇంకాస్త చౌకగా వచ్చేది. వద్దన్నాను. దాని మీద 5 శాతం జీఎస్టీ ఒకటి. బిల్డరు ఆలస్యం చేస్తే, యూరప్ నుంచి ఎవరు అడుగుతారు? అయిదేళ్ళ పాత ఫ్లాటు, మూడో అంతస్తు, వాచ్‌మన్ ఉన్న చోటు చూశాం. వరద తర్వాత ఆ ఊళ్ళో అందరూ అడిగే ప్రశ్నే ఆవిడా అడిగారు: సెల్లారులోకి నీళ్ళొచ్చాయా, కరెంటు మీటర్లు ఎక్కడున్నాయి?

ఇక 'నివాసి' సంగతి. ఆ రెండు దారుల్లో ఒకటి ఎంచుకునే వీలు నివాసులకే. ఆ ఏడాది వాళ్ళు ఎన్నారైలుగా తేలి ఉంటే 20 శాతం దారి మూసుకుపోయేది. కొన్నవాళ్ళు 1 శాతం టీడీఎస్‌తో (డబ్బిచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) పోయేదానికి, మొత్తం సొమ్ము మీద 12.5 శాతానికి పైగా పట్టుకోవాల్సి వచ్చేది, తక్కువ పట్టుకునేలా సర్టిఫికెట్ తెచ్చుకుంటే తప్ప. అందుకే రిజిస్ట్రేషన్ 2024 డిసెంబరులోనే పెట్టించాను. అప్పటికి ఆ ఆర్థిక సంవత్సరంలో వాళ్ళు భారత్‌లో 182 రోజులు పూర్తి చేసే దారిలో ఉన్నారు. అది పూర్తయ్యేదాకా టికెట్లు కొననివ్వలేదు. ఫ్లాటు ఫిబ్రవరిలో రిజిస్టరైంది. మధ్యలో రెండు నెలలు, కొన్నాయనకు నెలకు 20 వేలు కట్టి పాత ఇంట్లోనే ఉన్నారు. తను కట్టించుకున్న ఇంటికి అద్దె రసీదు తీసుకోవడం ఆవిడకు అస్సలు నచ్చలేదు. ఆ రసీదు నా ఫైల్లోనే ఉంచండి, నాకొద్దు అన్నారు.

మార్చిలో మళ్ళీ వీసాకు పెట్టారు. ఈసారి ఫ్లాటు దస్తావేజు, పింఛను కాగితాలు, పెద్ద మొత్తాలు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోయాయో ఒక పేజీ వివరణ, తిరుగు టికెట్టు. వచ్చింది. ఫ్లాటు వల్లే వచ్చిందని ప్రమాణం చేయలేను. కారణం ఎవరూ చెప్పరు.

రోజుల లెక్క

ప్రయాణం విడతలుగా పెట్టాం. 2025 ఏప్రిల్ నుంచి 84 రోజులు యూరప్. 90 అని రాసి ఉన్నా ఆరు రోజులు వదిలేశాను, ఫ్లైటు రద్దయితే, జ్వరం వస్తే పనికొస్తాయని. జూలై నుంచి నవంబరు మూడో వారం దాకా విజయవాడ. ఆయన పింఛనుకు లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఇవ్వాలి. బయటి నుంచి ఇచ్చే మార్గాలున్నాయి గాని, నెలసరి పింఛనును టెన్షన్‌లో పెట్టుకోవడం నాకిష్టం లేదు. ఆ తర్వాత అమెరికా.

అమెరికాకు ఇంకో గీత గీశాను. వీసా ఆరు నెలలిచ్చినా పన్ను లెక్క వేరు. ఈ ఏడాది ఉన్న రోజులు, పోయినేడు ఉన్న రోజుల్లో మూడో వంతు, అంతకుముందు ఏడాదివాటిలో ఆరో వంతు కలిపి 183కు చేరితే అక్కడ పన్ను నివాసిగా చూసే ప్రమాదముంది. 2024లో 150 రోజులున్నారు, మూడో వంతు 50. కాబట్టి 2025లో 130 దాటొద్దు. ఆయనకీ లెక్క ఎంత నచ్చిందంటే, ఒక డైరీ కొని తారీఖులు రాయడం మొదలుపెట్టారు.

డబ్బు పంపేటప్పుడు ఆర్థిక సంవత్సరానికి మనిషికి 10 లక్షలు దాటితే బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. తర్వాత రిటర్నులో సర్దుబాటవుతుంది గాని డబ్బు నెలల తరబడి ఇరుక్కుంటుంది. ఇద్దరి పేరునా విడివిడిగా ఫారెక్స్ కార్డులు (విదేశీ డబ్బు వేసుకుని వాడే కార్డులు) తీసి, ఆ గీత లోపలే ఉంచాం.

ఆరోగ్య బీమా దగ్గర ఆయనతో వాదన జరిగింది. "సగం రోజులు దేశంలోనే ఉండం, 62 వేల ప్రీమియం దేనికి?" అన్నారు. ట్రావెల్ ఇన్సూరెన్సులో ముందునుంచి ఉన్న జబ్బులకు చాలావరకు కవరేజీ ఉండదు, ఆయనకు బీపీ, సుగర్ రెండూ ఉన్నాయి. ఇక్కడి పాలసీ ఒకసారి తెగితే, మళ్ళీ తీసుకున్నప్పుడు పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ మొదటి నుంచి మొదలవుతుంది. పెద్ద వైద్యమేదైనా వస్తే విజయవాడకొచ్చే చేయించుకోవాలి కాబట్టి ఆ పాలసీయే అసలుది అని చెప్పి ఒప్పించాను. అన్నట్టు, ఓటీపీలు వచ్చే సిమ్‌కు ఏడాది రీచార్జి చేయించడం మరిచిపోతే ఇవేవీ కదలవు. మొదటి విడతలో ఆయన మరిచిపోయారు. జ్యూరిచ్ స్టేషన్లో నిలబడి నాకు వాట్సాప్‌లో ఫోన్ చేశారు.

ఇదంతా 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కింద జరిగింది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి కాబట్టి, ఈ అంకెలను ఎవరూ నేరుగా తమ ఫైల్లోకి ఎత్తుకోవద్దు.

ఇప్పుడు

మొదటి ఏడాది ఖర్చు అనుకున్న 12 లక్షల్లోనే తేలింది. మూడేళ్ళన్నది రెండేళ్ళయింది, ఏకధాటి అన్నది విడతలయింది. ఆయన దీన్ని కాస్త ఓటమిలాగే చూస్తారు. ఈమధ్య వచ్చి, ఏడాదిలో సగం ఖాళీగా ఉండే ఫ్లాటుకు నెలనెలా 3 వేలు మెయింటెనెన్స్ కడుతున్నాం, ఎవరికైనా అద్దెకిస్తే పోలా అన్నారు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ చేతిసంచీలోంచి తాళంచెవి తీసి ఒకసారి చూపించి, మళ్ళీ లోపల పెట్టేసుకున్నారు.